అమ్ముకోవడమా? అమ్ముడుపోవడమా?

— బి.ఎస్సీ. ఫైనలియర్ విద్యార్థి

మన తెలుగులో రెండు మాటలున్నాయి. పైకి అన్నదమ్ముల్లా కనిపిస్తాయి గాని, రెంటికీ బొత్తిగా పొసగదు. ఒకటి ‘అమ్ముకోవడం’. రెండోది ‘అమ్ముడుపోవడం’. రైతు పంట అమ్ముకుంటాడు. కుమ్మరి కుండ అమ్ముకుంటాడు. అందులో తప్పు పట్టేవాడు ఎవడూ లేడు. అదే ఒక మనిషిని చూపించి "వాడు అమ్ముడుపోయాడ్రా" అన్నామంటే, అంతకు మించిన తిట్టు లేదు. మొదటి మాటలో మనిషి అమ్మేవాడు. రెండో మాటలో మనిషే సరుకు!

ఈ రెండో మాట మన హాస్టళ్లలో ఈమధ్య మరీ చవకైపోయింది. నిన్నటిదాకా ధర్నాల్లో ముందు నిలబడ్డ సీనియర్ ఒకాయన పెద్ద కంపెనీలో ఉద్యోగం తెచ్చుకుంటే – అమ్ముడుపోయాడు. జానపదాలు పాడే కుర్రాడు టీవీ పోటీకి వెళితే – అమ్ముడుపోయాడు. గోడపత్రికలో కవితలు రాసినవాడు సినిమాకు పాట రాస్తే – అమ్ముడుపోయాడు. అనేవాడికి పైసా ఖర్చు లేదు. మెస్‌లో సాంబారు పోసుకుంటూ అనేయవచ్చు. పడేవాడి సంగతి ఎవరికి కావాలి?

ఆ మాట బరువెంతో తూచి చూడాలంటే, దాని కింద పడి నలిగినవాళ్ల కథ ఒకటి తెలియాలి. అందుకే ఈ వ్యాసం. మిత్రులారా, ఇది మన దేశం కథ కాదు, మన భాష పాట కూడా కాదు. అమెరికాలో 1986లో పుట్టి, 1996లో విచ్ఛిన్నమై, 2017లో మళ్లీ లేచి నిలబడ్డ ఒక పాటల బృందం కథ. దాని పేరు జాబ్రేకర్. ‘జా’ అంటే దవడ. దవడ విరగ్గొట్టేంత గట్టి చక్కెర బిళ్లకు అక్కడ ఉన్న పేరది. వీళ్ల పాటలు హాస్టల్లో ఒక మిత్రుని ఫోనులోంచి నా చెవిన పడ్డాయి. పొలంలో ఇంజను మోటారు పక్కన నిలబడి ఎవరో తన సొంత ఉత్తరాన్ని గట్టిగా చదువుతున్నట్టుంటుంది ఆ సంగీతం. మోత మోతే. కాని ఆ ఉత్తరంలో ఏముందో వినాలనిపిస్తుంది.

పంక్ అంటే ఏమిటి, ఎమో అంటే ఏమిటి?

తెలియని మిత్రుల కోసం రెండు ముక్కలు. పంక్ అనే సంగీతం 1970ల మధ్యలో న్యూయార్కులోనూ లండన్‌లోనూ తలెత్తింది. దాని సిద్ధాంతం చాలా చిన్నది. గిటారు మీద మూడు కార్డ్‌లు పట్టడం వస్తే చాలు, నీ పాట నువ్వే కట్టు, నువ్వే పాడు, నీ రికార్డు నువ్వే వేసుకో. పెద్ద కంపెనీల గడప తొక్కకు. పండితుల మెప్పు కోసం దేబిరించకు. బీదింటి కుర్రాళ్లకు ఇంతకంటె నచ్చే సిద్ధాంతం ఏముంటుంది? కాని ఆ సిద్ధాంతంతో పాటే తగాదా కూడా కవల పిల్లలా పుట్టింది. లండన్‌లో క్లాష్ అనే బృందం 1977 జనవరిలో సి.బి.ఎస్. కంపెనీతో లక్ష పౌన్లకు ఒప్పందం కుదుర్చుకుంటే, పంక్ ఆ రోజే చచ్చిపోయిందని రాసినవాళ్లున్నారు. అంటే పుట్టిన ఏడాది తిరక్కముందే దినం పెట్టేశారన్నమాట!

తరవాత 1980లలో పంక్ బాగా ముదిరి, వేగమూ కోపమూ మాత్రమే మిగిలిన సమయంలో, అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో కొందరు కుర్రాళ్లు మరో దారి తొక్కారు. రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అనే బృందం 1985లో ఒక రికార్డు విడుదల చేసింది. గై పిచియాటో అనే అతను పాడేవాడు. అదే మోత, అదే వేగం, కాని కోపం ప్రభుత్వం మీద కాదు. పోయిన స్నేహం మీద, చేజారిన కాలం మీద, తన మీద తనకే. అరుపు లోపల ఏడుపు వినిపించింది. దానికి ఎవరో ‘ఎమోషనల్’ అనే మాట తోక కత్తిరించి ‘ఎమో’ అని పేరు పెట్టారు. పాడినవాళ్లకు ఆ పేరు ఏమాత్రం గిట్టలేదు. అయినా పేరు నిలిచిపోయింది. ఆ దారిని తరవాతి తరానికి చేరవేసిన ముఖ్యుల్లో జాబ్రేకర్ ఒకటని నేడు అందరూ ఒప్పుకుంటారు.

ముగ్గురు కుర్రాళ్లు, ఒక వ్యాను

న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో ముగ్గురు కలిశారు. పాట, గిటారు బ్లేక్ ష్వార్జెన్‌బాక్‌వి. డ్రమ్ములు ఆడం ఫాలర్‌వి. బేస్ గిటారు క్రిస్ బౌర్‌మైస్టర్‌ది. బ్లేక్, ఆడం లాస్ ఏంజెలెస్ వైపు నుంచి చిన్ననాటి స్నేహితులు. మొదటి రికార్డు ‘అన్‌ఫన్’ 1990లో ఒక చిన్న సంస్థ ద్వారా వచ్చింది. తరవాత మకాం శాన్‌ఫ్రాన్సిస్కోకు మార్చారు. రెండో రికార్డు ‘బివువాక్’ 1992లో.

ఆ రోజుల్లో ఇలాంటి బృందం బతుకు ఎలా ఉండేదో ఊహించుకోండి. ఇంటర్నెట్టు చేతికి రాని కాలం. వ్యానులో వాద్యాలు వేసుకుని ఊరూరా తిరగడం. ఏ నేలమాళిగలోనో, ఏ చిన్న హాల్లోనో పాడడం. రాత్రికి ఎవరో అభిమాని ఇంట్లో నేలమీద పడుకోవడం. వీళ్ల వార్తలు మోసేవి పెద్ద పత్రికలు కావు. కుర్రాళ్లు సొంత డబ్బుతో జిరాక్సు తీసి పంచే చిన్న పత్రికలు. మన పల్లెల్లో బుర్రకథ దళాలు తిరిగినట్టే అనుకోండి. ఆదాయం పెట్రోలుకు సరిపోతే అదే పదివేలు.

ఈ తిరుగుడులోనే బ్లేక్ గొంతు చెడింది. ఐరోపా పర్యటనలో ఉండగా గొంతులో పాలిప్స్ లేచి, ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చింది. గొంతే ఆస్తి అయినవాడికి గొంతు మీద కత్తి! అయినా తిరిగి వచ్చాడు, మళ్లీ పాడాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

మూడో రికార్డు ‘24 అవర్ రివెంజ్ థెరపీ’. చాలా భాగం 1993లో చికాగోలో స్టీవ్ అల్బీనీ దగ్గర రికార్డు చేశారు. 1994 ఫిబ్రవరిలో విడుదలయింది. అదే వీళ్లకు పేరు తెచ్చిపెట్టింది. అందులోని పాటలు పెద్ద పెద్ద విషయాల జోలికి పోవు. అద్దె గది, డాబా మీద ఒంటరితనం, విడిపోయిన అమ్మాయి, చేతిలో చిల్లర లేని సాయంత్రం. ఒక పాటలో రచయిత జాక్ కెరువాక్ సొంత గొంతుతో చదివిన వచనాన్ని కూడా కలిపారు. వింటున్నవాడికి తన డైరీ ఎవరో పైకి చదువుతున్నట్టుంటుంది. ఎమో బలం అదే. దాని ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఎందుకంటే నా డైరీ చదివేవాడు నావాడు అనిపిస్తుంది. నావాడైతే నేను చెప్పినట్టు వినాలి అనిపిస్తుంది!

ఇచ్చిన మాట, తప్పిన మాట

ఇక అసలు కథకు వద్దాం. 1991లో నిర్వాణా అనే బృందం రికార్డు ఒకటి లోకమంతా అమ్ముడయ్యేసరికి పెద్ద కంపెనీలన్నీ ఒక్కసారిగా చిన్న హాళ్ల మీద పడ్డాయి. వాన పడ్డాక విత్తనాల వ్యాపారులు పల్లెల మీద పడ్డట్టు. 1993 అక్టోబరులో నిర్వాణా వాళ్లు జాబ్రేకర్‌ను పిలిచి ఆరు కచేరీల్లో తమకంటె ముందు పాడమన్నారు. ఆరంటే ఆరే. దానికే కొందరు పాత అభిమానులు గుసగుసలు మొదలుపెట్టారు. వీళ్లు కూడా వెళ్లిపోతున్నారని.

ఆ గుసగుసలకు జవాబుగా బ్లేక్ వేదికల మీద పదేపదే చెప్పాడు, మేము పెద్ద కంపెనీకి సంతకం పెట్టబోమని. మూడో రికార్డులోనే పంక్ మడి కట్టుకున్నవాళ్లను వెక్కిరించే పాటలు కూడా ఉన్నాయి. అంటే అటు వెక్కిరింపు, ఇటు వాగ్దానం, రెండూ అతనే చేశాడు.

1994లో గాలి ఇంకా మారింది. అదే ప్రాంతం నుంచి వచ్చిన గ్రీన్ డే బృందం ‘డూకీ’ అనే రికార్డు పెద్ద కంపెనీ ద్వారా వేస్తే ఒక్క అమెరికాలోనే కోటికి పైగా పోయింది. కంపెనీలు మరింత వెంటపడ్డాయి. చివరికి జాబ్రేకర్ సంతకం పెట్టింది. గెఫెన్ వారి డి.జి.సి. సంస్థతో, పది లక్షల డాలర్ల ఒప్పందం. 1995 సెప్టెంబరులో ‘డియర్ యూ’ అనే నాలుగో రికార్డు వచ్చింది. ‘డూకీ’కి పనిచేసిన రాబ్ కవాలో దీనికీ పనిచేశాడు.

తరవాత ఏం జరిగిందంటే, నమ్మబుద్ధి కాదు. కచేరీకి టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన అభిమానులు, కొత్త రికార్డులోని పాట మొదలవగానే నేలమీద కూర్చుని వేదికవైపు వీపులు తిప్పేశారు! రాయి విసరలేదు. కేకలు వేయలేదు. వీపు చూపించారు, అంతే. పాడేవాడికి ఎదురుగా ముఖాలు లేవు, వీపులున్నాయి. మన వీధినాటకంలో వేషగాడు రంగం మీదికి రాగానే ఊరు ఊరంతా లేచి వెనక్కి తిరిగి కూర్చుంటే ఆ వేషగాడి గుండె ఏమవుతుందో ఆలోచించండి.

గొంతులో గరుకు పోయింది, నునుపెక్కింది, కంపెనీ సానపట్టించింది అని కూడా విమర్శించారు. గొంతు మీద కత్తి పడిన సంగతి ఎంతమందికి గుర్తొచ్చింది? రికార్డు కంపెనీ ఆశించినట్టు పోలేదు. కొత్త శ్రోతలు రాలేదు, పాతవాళ్లు వీపు తిప్పారు. ముగ్గురి మధ్య అప్పటికే ఉన్న అసహనం పెరిగిపోయి, 1996లో ఒక పర్యటనలో వ్యాను దగ్గరే ఇద్దరు చేయి చేసుకునేదాకా వచ్చింది. ఆ ఏడాదే బృందం విడిపోయింది. విడిపోవడానికి అభిమానులే కారణమని నేను అనను. పదేళ్లు ఒక వ్యానులో కలిసి తిరిగినవాళ్లకు సొంత తగాదాలు ఉండకపోవు. కాని కూలుతున్న గోడకు ఒక తోపు చాలు కదా.

అడ్వాన్సు లెక్క రైతుబిడ్డకు తెలుసు

"పది లక్షల డాలర్లు మింగి ఇంకా జాలి ఎందుకయ్యా?" అని మిత్రులు అడగవచ్చు. అడగాలి కూడా. దీనికి జవాబు మూడో రికార్డు చేసిన ఆ స్టీవ్ అల్బీనీయే ఇచ్చాడు. ఆయన 1993లో ‘ది బాఫ్లర్’ అనే పత్రికలో రికార్డు కంపెనీల లెక్కలు విప్పి ఒక వ్యాసం రాశాడు. రెండున్నర లక్షల డాలర్ల అడ్వాన్సు పుచ్చుకున్న ఒక ఊహా బృందాన్ని తీసుకున్నాడు. వాళ్ల రికార్డు రెండున్నర లక్షల కాపీలు పోయిందనే అనుకుందామన్నాడు. స్టూడియో ఖర్చు, మేనేజరు వాటా, లాయరు ఫీజు, వీడియో ఖర్చు, వ్యాను, వాద్యాలు అన్నీ తీసివేసుకుంటూ పోయాడు. ఆఖరికి కంపెనీకి మిగిలింది సుమారు 7 లక్షల 10 వేల డాలర్లు. బృందంలో ఒక్కొక్కరికి దక్కింది నాలుగు వేల చిల్లర!

అందులో కీలకం ఒకటే. అడ్వాన్సు అనేది బహుమానం కాదు, అప్పు. రికార్డు అమ్మకాల మీద బృందానికి రావలసిన వాటాలోంచి ఆ అప్పు తీరేదాకా చేతికి మళ్లీ చిల్లిగవ్వ రాదు.

ఈ లెక్క అర్థం చేసుకోవడానికి నాకు వాణిజ్యశాస్త్రం అక్కర్లేకపోయింది. మా ఇంట్లో ఏటా చూసే లెక్కే ఇది. మా నాన్న మిర్చి వేస్తాడు. విత్తనానికి, ఎరువుకు, పురుగుమందుకు ఒక కమీషన్ వ్యాపారి దగ్గర పెట్టుబడి తెస్తాడు. తెచ్చాక పంట ఆయన కొట్టుకే తోలాలి. ఇంకొకరి దగ్గర ధర ఎక్కువ ఉందని తెలిసినా సరే. అక్కడ తేమ ఉందంటారు, తాలు కాయ కలిసిందంటారు, తరుగు తీస్తారు. కాటా అయ్యాక వడ్డీ కోసుకుని మిగిలింది చేతిలో పెడతారు. ఒక ఏడాది ఆ మిగిలింది నా మెస్ బిల్లుకు కూడా చాలలేదు. మరుసటి ఏడు మా నాన్న మళ్లీ అదే కొట్టుకు వెళ్లాడు. ఇంకెక్కడికి వెళతాడు?

కాని మా ఊళ్లో ఎవరూ మా నాన్నను అమ్ముడుపోయాడని అనలేదు. ఎందుకని? అందరూ అదే పడవలో ఉన్నారు గనక. తిడితే వ్యాపారిని తిడతారు, ధర నిర్ణయించేవాళ్లను తిడతారు. కాయ మోసుకెళ్లినవాణ్ని తిట్టరు. చదువురాని మా ఊరివాళ్లకు తెలిసిన ఈ తేడా, పత్రికలు నడిపిన ఆ నగరాల కుర్రాళ్లకు ఎందుకు తెలియలేదు?

వాళ్ల ఆవేశంలో నిజం లేకపోలేదు. కంపెనీలు కళను సరుకు చేస్తాయి. ఒక దశాబ్దం కుర్రాళ్లు చెమటోడ్చి కట్టుకున్న చిన్న హాళ్లను, చిన్న పత్రికలను, చిన్న రికార్డు సంస్థలను ఒక్క సీజనులో మేసిపోతాయి. ఆ భయం న్యాయమైనదే. కాని వీపు ఎవరికి తిప్పారు? కంపెనీకా? కంపెనీకి వీపు కనపడదు. దానికి ఒక బృందం పోతే ఇంకో బృందం. నిర్వాణా రికార్డులు వేసింది కూడా ఆ డి.జి.సి. సంస్థే. ఆ డబ్బు దానికి వస్తూనే ఉంది. వీపు కనపడింది వేదిక మీద నిలబడ్డ ముగ్గురికి. శత్రువు అందనంత ఎత్తులో ఉంటే, అందుబాటులో ఉన్న మనవాణ్నే కొట్టడం. ఇది అన్ని ఉద్యమాలకూ పట్టే జబ్బు.

ఆ జబ్బు ఎంతదాకా పోగలదో చెప్పడానికి ఇంకొక్క ఉదాహరణ. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న బర్కిలీలో గిల్మన్ స్ట్రీట్ హాలు అని ఒకటుంది. 1986 ఆఖరు రోజున మొదలైంది. కుర్రాళ్లే జీతం లేకుండా నడుపుకునే హాలు. పెద్ద కంపెనీతో సంతకం పెట్టిన బృందం అక్కడ పాడరాదని నియమం. నియమం మంచిదే, వాళ్ల హాలు వాళ్లిష్టం. కాని 1994 మేలో అదే హాల్లో జెల్లో బియాఫ్రా అనే పాత పంక్ గాయకుడి మీద కొందరు పడి, అమ్ముడుపోయావని అరుస్తూ కొట్టారు. కాలికి తీవ్రమైన గాయమైంది. అతనెవరు? జీవితమంతా పెద్ద కంపెనీలను ఎదిరించి, సొంతంగా చిన్న రికార్డు సంస్థ నడిపినవాడు! పవిత్రత అనే కత్తి ఒరలోంచి బయటికి వస్తే ఎవరి మెడ అని చూడదు.

మరి ఫుగాజీ సంగతేమిటి?

ఇక్కడ తెలిసిన మిత్రులు ఒక పెద్ద ప్రశ్న వేస్తారు. వాషింగ్టన్‌లోనే ఫుగాజీ అనే బృందం ఉంది. 1987లో మొదలై, 2002లో ఆఖరి కచేరీ చేసిందాకా ఏ పెద్ద కంపెనీకీ లొంగలేదు. ఇయాన్ మెకాయ్ సొంత సంస్థ డిస్కార్డ్ ద్వారానే రికార్డులన్నీ వేశారు. కచేరీ టిక్కెట్టు ఐదు డాలర్లకు మించకూడదని పట్టుబట్టేవారు. వయసు తక్కువని ఏ పిల్లవాణ్నీ గుమ్మం దగ్గర ఆపకూడదనేవారు. బొమ్మల చొక్కాలు అమ్మి డబ్బు చేసుకోలేదు. రైట్స్ ఆఫ్ స్ప్రింగ్‌లో పాడిన గై పిచియాటో ఇందులోనే ఉన్నాడు. వాళ్లకు సాధ్యమైంది వీళ్లకెందుకు కాలేదు?

న్యాయమైన ప్రశ్న. ఫుగాజీ అంటే నాకు ఎంతో గౌరవం. అయితే వాళ్లలో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, వాళ్లకు సొంత కొట్టు ఉంది. డిస్కార్డ్ సంస్థను మెకాయ్ 1980లోనే మిత్రులతో కలిసి పెట్టుకున్నాడు. పంటతో పాటు గిడ్డంగి కూడా తనదే అయిన రైతు ధర కోసం ఆగగలడు. గిడ్డంగి లేనివాడు ఆగలేడు. గుణం ఒక్కటే చాలదు మిత్రులారా, ఆధారం కూడా కావాలి. రెండోది ఇంకా ముఖ్యం. ఆ నియమాలు వాళ్లు తమకు తాము పెట్టుకున్నారు, నష్టం తామే భరించారు. ఉపవాసం నేను చేస్తే వ్రతం. పక్కవాడి కంచం లాగేసి నువ్వు చేయి అంటే అది వ్రతం కాదు, దొంగతనం.

అల్బీనీ సంగతీ అంతే. రికార్డు అమ్మకాల్లో వాటా తీసుకోవడం తప్పని నమ్మాడు, తీసుకోలేదు. చేసిన పనికి కూలి పుచ్చుకున్నాడు. 2024లో చనిపోయేదాకా ఆ మాట మీదే ఉన్నాడు. కంపెనీని తిట్టాలంటే ఆయనలా లెక్కలు వేసి తిట్టాలి. అది చదివిన తరవాతి కుర్రాడు సంతకం పెట్టేముందు రెండుసార్లు ఆలోచిస్తాడు. వీపు తిప్పి కూర్చుంటే ఎవడికి జ్ఞానం కలుగుతుంది?

బ్లేక్ మాట తప్పాడా అంటే, తప్పాడు. దాన్ని నేను కప్పిపుచ్చను. సంతకం పెట్టబోమని పదిమందిలో చెప్పి సంతకం పెట్టడం తప్పే. నమ్మినవాడి మనసు నొచ్చుకుంటుంది. కాని తప్పుకు తగ్గ శిక్ష అనేది ఒకటుంటుంది. ముప్పయ్యో ఏడు దగ్గరపడుతున్నా అద్దె కట్టడానికి తడుముకునే మనిషి, గొంతు మీద కత్తి పడ్డ మనిషి, ఒకసారి బతుకు నిలబెట్టుకుందామనుకుంటే, పదేళ్ల పాటలన్నీ ఒక్క సంతకంతో అబద్ధమైపోతాయా? అప్పుడు అతని పాట విని కన్నీళ్లు పెట్టుకున్న నీ కన్నీళ్లు కూడా అబద్ధమేనా?

పంట అమ్మాడా, పొలం అమ్మాడా?

అయితే ఎవరినీ ఏమీ అనకూడదా? కళాకారుడు ఏం చేసినా భజన చేయాలా? కాదు. అమ్ముకోవడానికీ అమ్ముడుపోవడానికీ మధ్య గీత ఉంది. ఆ గీత ఎక్కడుందో నా బుద్ధికి తోచింది చెబుతాను.

రైతు పంట అమ్ముకోవచ్చు, పొలం అమ్ముకోకూడదు. పంట పోతే వచ్చే ఏడు మళ్లీ పండుతుంది. పొలం పోతే ఇక పండేది ఏమీ లేదు. కళాకారుడికి పాట పంట. దేని గురించి పాడాలో, ఏది పాడకూడదో తానే తేల్చుకునే స్వేచ్ఛ అతని పొలం. డబ్బు ఎవరి దగ్గర పుచ్చుకున్నాడన్నది మొదటి ప్రశ్న కాదు. పుచ్చుకున్న తరవాత ఏం పాడాడన్నది మొదటి ప్రశ్న.

ఈ కొలతతో ‘డియర్ యూ’ వినండి. మోత నునుపెక్కిన మాట నిజమే. కాని పాటల్లో మనిషి మారలేదు. అదే ఒంటరితనం, అదే ఆత్మవిమర్శ, అదే విడిపోయిన అమ్మాయి. నా చెవికి ఇంకా చీకటిగా కూడా వినిపిస్తుంది. పది లక్షల డాలర్లిచ్చిన కంపెనీకి పండగ పాటలు కట్టివ్వలేదు అతను. పంట పెద్ద కొట్టుకు తోలాడు గాని పొలం తనదే.

ఇది మనకు మాత్రం కొత్తదా? 1950లో ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చిన శ్రీశ్రీ, సినిమాలకు ఎన్ని పాటలు రాయలేదు! 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రంలో ఆయన పాటకు జాతీయ బహుమతి వచ్చింది. సినిమాకు రాశాడని ‘మహాప్రస్థానం’ అట్టలు చించేసుకున్నామా? ఆయన్ను మనం చదివి తూచాం, జీతం చీటీ చూసి తూచలేదు. అదే మర్యాద మన తోటి విద్యార్థికి ఎందుకివ్వం?

వీపు తిప్పినవాళ్లు మళ్లీ తిరిగారు

కథ అక్కడితో అయిపోలేదు. విడిపోయాక ముగ్గురూ ఎవరి బతుకు వాళ్లు బతికారు. ఆడం శాన్‌ఫ్రాన్సిస్కోలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణం పెట్టాడు. క్రిస్ వేరే చిన్న బృందాల్లో వాయించాడు. బ్లేక్ జెట్స్ టు బ్రెజిల్ అనే మరో బృందం కట్టి 2003 దాకా నడిపాడు. తరవాత న్యూయార్క్‌లోని హంటర్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పాడు. లక్షాధికారుల బతుకులా కనిపిస్తోందా ఇది?

ఈలోగా అందరూ తిట్టిన ‘డియర్ యూ’ ఏమయింది? కంపెనీ దాన్ని అచ్చులో లేకుండా వదిలేసింది. వదిలేసిన కొద్దీ దాన్ని వెతుక్కునేవాళ్లు ఎక్కువయ్యారు. పాత కాపీలు ఎక్కువ ధరలకు చేతులు మారాయి. 2004లో ఆడం తన సొంత చిన్న సంస్థ ద్వారా మళ్లీ విడుదల చేశాడు. చూశారా, పెద్ద కొట్టుకు పోయిన పంట తిరిగి సొంత గుమ్మానికి చేరింది! తరవాత తలెత్తిన ఎమో బృందాలు చాలావరకు ఈ రికార్డునే గురుపీఠం మీద కూర్చోబెట్టాయి.

ఒక డాక్యుమెంటరీ కోసం 2007లో ముగ్గురూ ఒక స్టూడియోలో కలిసి వాయించారు. ఆ సినిమా 2017లో వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో చికాగోలో రయట్ ఫెస్ట్ అనే ఉత్సవంలో, ఇరవయ్యొక్క సంవత్సరాల తరవాత, జాబ్రేకర్ పెద్ద వేదిక ఎక్కింది. వేలమంది వచ్చారు. 2022లో ‘డియర్ యూ’ రికార్డు పేరు మీదే ప్రత్యేకంగా పర్యటన చేశారు. ఏ పాటలకు వీపులు తిప్పారో ఆ పాటలనే జనం గొంతు కలిపి పాడారు. ఆ జనంలో వెనకటి వీపులవాళ్లు కూడా కొందరు ఉండే ఉంటారు. జుట్టు నెరిసి, ఉద్యోగాలు చేసి, ఇంటి అప్పులు కట్టి, తామూ ఎక్కడో ఒక సంతకం పెట్టి వచ్చి ఉంటారు.

కథ సుఖాంతమేనా? నేను సగమే అంటాను. ఇరవయ్యొక్క ఏళ్లు ఎవరు తిరిగి ఇస్తారు? ఆ మధ్యలో రాకుండా పోయిన పాటలను ఎవరు పాడతారు? 1995లో ఇరవై ఎనిమిదేళ్ల గాయకుడికి కావలసిన ముఖాలు, యాభయ్యో ఏట చూపిస్తే సంతోషమే గాని, పోయిన పంటకు నష్టపరిహారంలాంటి సంతోషం అది.

కాబట్టి మిత్రులారా, మన సీనియర్లు ఉద్యోగాలకు పోతారు. మన పాటగాళ్లు పెద్ద వేదికలకు పోతారు. మన కవులు ఎక్కడెక్కడికో పోతారు. వాళ్లను ప్రశ్నించండి, గట్టిగా ప్రశ్నించండి. పొలం జాగ్రత్తగా ఉందా అని అడగండి. కంపెనీల లెక్కలు విప్పి నలుగురికీ చెప్పండి. చేతనైతే ఫుగాజీలా మన గిడ్డంగి మనమే కట్టుకుందాం – మన పత్రిక, మన వేదిక, మన ముద్రణ. అప్పుడు ఎవరూ పెద్ద కొట్టుకు పోవలసిన అవసరమే తగ్గుతుంది. అది చేయకుండా "అమ్ముడుపోయాడు" అని మాట పారేసి వీపు తిప్పడం విప్లవం కాదు. పెట్టుబడి పెట్టలేనివాడు, పంట మొయ్యనివాడు, కాటా దగ్గర నిలబడనివాడు, రైతుకు ధర్మం చెప్పడం లాంటిదది.

పాట నచ్చకపోతే లేచి వెళ్లిపోవచ్చు. ఆ హక్కు అందరికీ ఉంది. ఉండి వినేటట్టయితే మాత్రం ముఖం ఇటు తిప్పి వినండి.